తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?
(ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్లు, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: ఒక విశ్రాంత ఉద్యోగి జ్ఞాపకాలు, లాభనష్టాల లెక్క)



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. నేను చంద్రగిరి కోట గురించో, తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా తెలిసినవారు చాలామంది రాశారు. నేను కళ్ళారా చూసిన చరిత్ర ఇంకొకటి ఉంది. కాగితం పోయి కంప్యూటరు వచ్చిన చరిత్ర అది. మనలో చాలామంది అందులో పాత్రధారులమే. దానిలో ఒక ప్రశ్న ఇరవై ఏళ్ళుగా నన్ను వదలడం లేదు. ప్రభుత్వ రికార్డు కంప్యూటరులోకి పోయాక, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

నేను సాంకేతిక నిపుణుణ్ణి కాను. 1974లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. కనుక ఇది గుమాస్తా కంటితో చూసిన చరిత్ర అనుకోండి.

చెప్పులు విప్పి చూసిన యంత్రం

1996 చివర్లో మా కార్యాలయానికి మొదటి కంప్యూటరు వచ్చింది. చిత్తూరు జిల్లాలో ఒక కార్యాలయం అనుకుంటే చాలు, పేరు అక్కరలేదు. దానికోసం ఒక గదికి సున్నం వేయించి, ఏ.సి. పెట్టించి, కిటికీలకు తెరలు కట్టారు. టెంకాయ కొట్టాం. గది బయట చెప్పులు విప్పి లోపలికి వెళ్ళేవాళ్ళం. ఆఫీసరుగారికి కూడా ఏ.సి. లేని రోజులవి. ఎండాకాలంలో ఏదో ఒక కాగితం చేతపట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి పది నిమిషాలు నిలబడి వచ్చేవాళ్ళు చాలామంది ఉండేవారు.

తెలుగులో టైపు చేయడానికి ఒక ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కొన్నారు. దానితోపాటు అగ్గిపెట్టెంత ముక్క ఒకటి ఇచ్చారు. ప్రింటరు తీగ తగిలించే చోట దాన్ని బిగించాలి. అది ఉంటేనే తెలుగు పలుకుతుంది, తీసేస్తే మూగనోము. మేము దాన్ని 'లాకు' అనేవాళ్ళం. ఆ పేరు ఎంత సరైనదో అప్పుడు తెలియలేదు.

1997లో దినసరి కూలీపై పనిచేస్తూ వచ్చి జి.ఓ. 212 కింద పర్మనెంటు అయినవారి జాబితా ఒకటి తయారుచేశాం. ఎవరు ఏ తేదీన చేరారు, ఎన్నాళ్ళు చేశారు, ఏ తేదీ నుంచి రెగ్యులర్ అయ్యారు అన్నీ అందులో ఉన్నాయి. 1994 నాటి ఆ జి.ఓ. ఎన్ని కుటుంబాలను నిలబెట్టిందో మీకు చెప్పనక్కరలేదు. జాబితా కంప్యూటరులో ఎక్కింది గదా అని, స్థలం చాలక, పాత కాగితాల కట్టలు కొన్నిటిని తర్వాత కాలంలో తొలగించారు. ఆ నోటు మీద సంతకం పెట్టినవారిలో నేనూ ఒకణ్ణి.

2004లో ఆ కంప్యూటరు పూర్తిగా చెడిపోయింది. కొత్తది వచ్చింది. పాత ఫైళ్ళన్నీ దానిలోకి ఎక్కించారు కూడా. కానీ తెరిచి చూస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, శాతం గుర్తులు, ఆశ్చర్యార్థకాలు కలగాపులగంగా కనిపించాయి. 'లాకు' పెట్టే చోటు కొత్త యంత్రానికి లేదు. సాఫ్ట్‌వేర్ అమ్మిన మనిషి దుకాణం ఎత్తేశాడు. ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు.

మరుసటి ఏడాది మా అటెండరు ఒకాయన సర్వీసులో ఉండగానే చనిపోయాడు. ఆయన సర్వీసు రిజిస్టరు బీరువా కింది అరలో వాననీటికి తడిసి, మొదటి పేజీలు అట్టలా అతుక్కుపోయాయి. తిరిగి కట్టాలంటే 1997 జాబితా కావాలి. ఆయన భార్య వారానికోసారి పల్లె నుంచి బస్సెక్కి వచ్చేది. గది గుమ్మం దగ్గర నిలబడి కంప్యూటరు వైపు చెయ్యి చూపించి, "సారూ, మా ఆయన పేరు ఆ పెట్టిలో ఉండాదని మీరే అంటిరి గదా. కొంచిం ఎత్తియ్యండి సారూ" అనేది.

పేరు ఆ పెట్టెలోనే ఉంది. ఎత్తి ఇవ్వడం మాకు చేతకాలేదు. ఏడు నెలలు గడిచాయి. చివరికి రిటైరైన టైపిస్టు ఒకామె ఇంట్లో, పాత ట్రంకుపెట్టె అడుగున, ఆ జాబితా తాలూకు సైక్లోస్టైల్ ప్రతి దొరికింది. ఇరవై పైసల కాగితం లక్ష రూపాయల యంత్రాన్ని గెలిచింది. ఆ తల్లికి ఫ్యామిలీ పెన్షన్ మంజూరైంది. కాని ఆ ఏడు నెలలు ఆమె ఎలా బతికిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కోడ్ పుస్తకం అందరిదీ

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో నాకు మా మనవరాలు చెప్పింది. తను తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతోంది. తను చెప్పింది నా భాషలోకి మార్చుకుంటే ఇలా ఉంటుంది.

మనం పనిచేసిన రోజుల్లో ఫైనాన్షియల్ కోడ్, ట్రెజరీ కోడ్ అని పుస్తకాలు ఉండేవి. బిల్లు ఎలా కట్టాలి, ఎలా పాస్ చేయాలి, ఏ కారణంతో ఆపవచ్చు అన్నీ అందులో ఉండేవి. ఖజానా అధికారి దగ్గరా అదే పుస్తకం, ఎల్.డి.సి. దగ్గరా అదే పుస్తకం. ఆడిటు అభ్యంతరం పెడితే ఆర్టికల్ నంబరు చూపించి వాదించేవాళ్ళం. రూలులో లోపం ఉంటే పైకి రాసేవాళ్ళం, సవరణ వచ్చేది.

కంప్యూటరు ప్రోగ్రాము కూడా ఒక కోడ్ పుస్తకమే. దాన్ని 'సోర్స్ కోడ్' అంటారు. పేరు కూడా కలిసింది చూడండి. కంపెనీ సాఫ్ట్‌వేర్ కొంటే మనకు వచ్చేది బిల్లు పాస్ చేసే గుమాస్తా మాత్రమే, ఆయన చదివే పుస్తకం రాదు. అది కంపెనీ బీరువాలో ఉంటుంది. ఓపెన్ సోర్స్ అయితే గుమాస్తాతో పాటు పుస్తకం కూడా చేతికి వస్తుంది. చదవవచ్చు, మార్చుకోవచ్చు, ప్రతులు తీసి పంచవచ్చు. లైసెన్సు రుసుము ఉండదన్నది దీనివల్ల వచ్చే ఫలితాల్లో ఒకటి మాత్రమే.

ఈ ఉద్యమానికి మూలపురుషుడు అమెరికాలోని రిచర్డ్ స్టాల్‌మన్. ఆయన పనిచేసే ప్రయోగశాలకు కొత్త ప్రింటరు వచ్చిందట. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురందేలా దాని ప్రోగ్రామును మార్చుకుందామంటే, సోర్స్ కోడ్ ఇవ్వనన్నారు. ఆ పట్టుదలతో 1983లో ఆయన గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రయత్నం ప్రకటించారు. 1991లో ఫిన్లాండులో లీనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి తన ప్రోగ్రామును ఇంటర్నెట్టులో అందరి ముందూ పెట్టాడు. అదే లినక్స్. నేడు మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది కూడా లినక్సే.

ప్రభుత్వాలు నడిచిన దారి

మన రాష్ట్రంలో కంప్యూటరు హడావిడి 1990ల ద్వితీయార్ధంలో మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు మన నారావారిపల్లెవారే. 1998లో మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో పెట్టింది. అదే ఏడాది నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' పథకం వచ్చి, ఇ.సి. కోసం రోజుల తరబడి తిరిగే బాధను తగ్గించింది. ఆ రోజుల్లో కంప్యూటరు అంటే విండోస్ అనే అందరం అనుకున్నాం. వేరే దారి ఉందన్న సంగతే గుమాస్తాలకు తెలియదు.

పొరుగు రాష్ట్రాలు వేరే దారి పట్టాయి. కేరళ తన ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లను లినక్స్ మీదికి మార్చి, ఉపాధ్యాయులకు వరుసగా శిక్షణ ఇచ్చింది. మనకు పక్కనే ఉన్న తమిళనాడులో ప్రభుత్వ సంస్థ ఎల్కాట్ 2006, 2007 ప్రాంతంలో తన కార్యాలయాన్ని లినక్సుకు మార్చుకుని ఇతరులనూ ప్రోత్సహించింది. చెన్నైలోని సి-డాక్ 2007లో 'బాస్' పేరుతో మన దేశపు లినక్సును విడుదల చేసింది. తెలుగుతో సహా మన భాషల్లో అది పనిచేస్తుంది. హైదరాబాదులో 2005 నుంచి స్వేచ్ఛ అనే సంస్థ విద్యార్థులతో కలిసి కంప్యూటరును తెలుగులోకి తెచ్చే పని చేసింది.

కేంద్ర ప్రభుత్వం 2015లో ఒక విధానమే ప్రకటించింది. శాఖలు సాఫ్ట్‌వేర్ తీసుకునేటప్పుడు ఓపెన్ సోర్సును ముందుగా పరిశీలించాలి, వద్దనుకుంటే కారణం రాయాలి అన్నది దాని సారాంశం. ఫైలు మీద కారణం రాయడం ఎంత పెద్ద విషయమో మనకు తెలుసు. కారణం రాయాల్సి వస్తేనే మనిషి ఆలోచిస్తాడు.

మన కళ్ళముందు నడిచిన ఉదాహరణలు మూడు చెబుతాను.

మొదటిది కోర్టులు. దేశంలోని జిల్లా కోర్టుల్లో కేసుల వివరాలు నడిపే సాఫ్ట్‌వేరును పుణే ఎన్.ఐ.సి. వారు ఓపెన్ సోర్స్ పునాదిమీద తయారుచేశారు. కోర్టు కంప్యూటర్లకు, న్యాయాధికారుల ల్యాప్‌టాప్‌లకు ఉబుంటు అనే లినక్స్ ఇచ్చారు. 1990లలో వాయిదా తేదీ తెలుసుకోవడానికి పలమనేరు నుంచో పుత్తూరు నుంచో రైతు బస్సెక్కి వచ్చి బెంచి క్లర్కు దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఇప్పుడు ఆ రైతు కొడుకు ఇంట్లో కూర్చుని ఫోనులో తేదీ చూస్తాడు. వేల కోర్టులకు ఒక్కొక్క కంప్యూటరుకూ లైసెన్సు కొనాల్సి ఉంటే ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చేదో ఊహించుకోండి. అయితే ఇది ఉచితంగా జరగలేదు. ఈ-కోర్టుల రెండో దశకు 1,670 కోట్లు కేటాయించారు. 2023లో మంజూరైన మూడో దశకు 7,210 కోట్లు. యంత్రాలకు, తీగలకు, స్కానింగుకు, శిక్షణకు, మనుషులకు డబ్బు కావాలి. లైసెన్సు ఒక్కటే మిగులు.

రెండోది మున్సిపాలిటీలు. 2003లో నందన్ నీలేకని, శ్రీకాంత్ నాదముని బెంగుళూరులో స్థాపించిన ఈ-గవర్నమెంట్స్ ఫౌండేషన్ అనే సంస్థ, పట్టణ పాలనకు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. 2015, 2016 సంవత్సరాల్లో మన రాష్ట్రంలోని 110 పట్టణాలకు దాన్ని తెచ్చారు. మన ఉమ్మడి జిల్లాలో తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి, పుంగనూరు, పలమనేరు, పుత్తూరు, నగరి పట్టణాల ఇంటిపన్ను, కుళాయి పన్ను దానిలోకి వచ్చాయి. 'పురసేవ' యాప్ మీలో కొందరికి గుర్తుండవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ కోడ్ ఎవరైనా చూడగలిగేలా బయట పెట్టారు. ఒక రాష్ట్రం కోసం చేసిన మెరుగు ఇంకో రాష్ట్రానికి పనికివచ్చే ఏర్పాటు అది.

మూడోది మన పింఛను. రాష్ట్ర ఆర్థిక శాఖ 2018 ఏప్రిల్‌లో ప్రారంభించిన సి.ఎఫ్.ఎం.ఎస్. జర్మనీకి చెందిన ఎస్.ఎ.పి. కంపెనీ సాఫ్ట్‌వేర్ పునాదిగా వచ్చింది. ఇది ఓపెన్ సోర్స్ కాదు. తప్పని నేను అనడం లేదు. లక్షలమంది జీతాలు, పింఛన్లు, కాంట్రాక్టర్ల బిల్లులు ఒకే పద్దులో నడపడానికి ప్రపంచమంతా వాడి నిగ్గుతేలిన సరుకు కావాలనుకోవడం సమంజసమే. అంటే ఒకే రాష్ట్రంలో ఇంటిపన్ను బయటకు కనిపించే కోడ్ మీద, పింఛను కంపెనీ కోడ్ మీద నడిచాయన్నమాట. రెండూ పనిచేశాయి. కనుక ఇది భక్తితో తేల్చే విషయం కాదు, లెక్క చూసి తేల్చాల్సింది.

జమా ఖర్చుల పద్దు

జమా వైపు మొదట కనిపించేది లైసెన్సు సొమ్ము. కేరళలో 2019లో అక్కడి విద్యా సాంకేతిక సంస్థ చెప్పిన అంకె 3,000 కోట్లు. రెండు లక్షల కంప్యూటర్లు, ఒక్కొక్కదానికి కంపెనీ సాఫ్ట్‌వేర్లు కొంటే లక్షన్నర అయ్యేదని లెక్క. పాత అకౌంట్సు మనిషిగా నాకు ఈ లెక్కమీద ఒక అభ్యంతరం ఉంది. కొనని వస్తువు ధరనంతా మిగులుగా రాయకూడదు. డబ్బు పెట్టాల్సి వస్తే ఏ ప్రభుత్వమూ బడి కంప్యూటరుకు లక్షన్నర సాఫ్ట్‌వేర్ కొనదు. సగానికి సగం కొట్టేసినా, అందులోనూ సగం కొట్టేసినా మిగిలేది మాత్రం తక్కువేమీ కాదు.

రెండోది పాత యంత్రాల ఆయుష్షు. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పికి, 2025 అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ మద్దతు ఆపివేసింది. మనం 58 ఏళ్ళకు రిటైరైనట్టు సాఫ్ట్‌వేరుకు కూడా ఒక తేదీ ఉంటుంది. తేడా ఏమిటంటే, దానితోపాటు పనిచేస్తున్న యంత్రాన్ని కూడా ఇంటికి పంపాల్సి వస్తుంది. లినక్స్ అయితే అలాంటి యంత్రం ఇంకొన్నేళ్ళు పనిచేస్తుంది.

మూడోది భద్రత. ఇందులో జాగ్రత్తగా మాట్లాడాలి. 2017 మే నెలలో 'వాన్నాక్రై' అనే వైరస్ విండోస్ కంప్యూటర్లను పట్టి, ఫైళ్ళకు తాళం వేసి, డబ్బు అడిగింది. దాదాపు 150 దేశాలు దెబ్బతిన్నాయి. మన రాష్ట్రంలో చిత్తూరుతో సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలింది. దాన్ని ఆపే మందును కంపెనీ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, విడుదల చేసింది. వేయించుకోనివారికి రోగం వచ్చింది. ఓపెన్ సోర్సుకు ఈ బాధ లేదా అంటే ఉంది. 2021 డిసెంబరులో 'లాగ్-ఫోర్-జె' అనే చిన్న ఉచిత ప్రోగ్రాములో లోపం బయటపడి ప్రపంచమంతా కంగారుపడింది. పెద్దపెద్ద సంస్థలు వాడుకుంటున్న ఆ ప్రోగ్రామును కొద్దిమంది స్వచ్ఛందంగా చూసుకుంటున్నారని అప్పుడే చాలామందికి తెలిసింది. పుస్తకం అందరి ముందూ ఉన్నంత మాత్రాన అందరూ చదువుతారని కాదు. చదివేవాడికి జీతం ఇవ్వాలి.

ఇక ఖర్చు వైపు. మొదటిది మనిషి అలవాటు. ఇరవై ఏళ్ళు ఒకే తెర చూసినవాణ్ణి కొత్త తెర ముందు కూర్చోబెడితే, మొదటి ఆరు నెలలు పని సగమవుతుంది. రెండోది పాత ఫైళ్ళ మార్పిడి. మూడోది అనుబంధ పరికరాలు. డిజిటల్ సంతకం ముక్క, వేలిముద్ర యంత్రం, పాత ప్రింటరు, వీటిలో కొన్ని విండోస్ తప్ప దేన్నీ ఎరగవు. నాలుగోది, చెడితే ఎవరిని పిలవాలి అన్నది. కంపెనీ అయితే ఫోన్ నంబరు ఉంటుంది. ఓపెన్ సోర్స్ అయితే మన మనిషి ఉండాలి, లేదా మరమ్మతు కాంట్రాక్టు ఇవ్వాలి. లైసెన్సు పద్దులో మిగిలినది జీతాల పద్దులోకి పోతుంది. అయితే ఆ జీతం మన పిల్లలకు వస్తుంది.

ఈ కష్టాలన్నీ ఒకచోట చూడాలంటే జర్మనీలోని మ్యూనిక్ నగరం కథ చెప్పుకోవాలి. 2003లో ఆ నగరపాలక మండలి విండోస్ వదిలి లినక్సుకు మారాలని నిశ్చయించింది. వద్దని చెప్పడానికి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ సెలవు మధ్యలో ఆపుకుని వచ్చి మేయరును కలిశాడు. అయినా వారు మారారు. 2013 నాటికి దాదాపు 15,000 కంప్యూటర్లు లినక్స్ మీద ఉన్నాయి. కోటి యూరోలకు పైగా మిగిలిందని నగరం చెప్పింది. మేయరు మారాడు. బయటినుంచి వచ్చే ఫైళ్ళు సరిగా తెరుచుకోవడం లేదన్న ఫిర్యాదులు పెరిగాయి. 2017లో మళ్ళీ విండోసుకు పోదామని తీర్మానించారు. 2020లో కొత్త కూటమి వచ్చి, వీలైనచోట ఓపెన్ సోర్సే కావాలంది. అటూ ఇటూ మారిన ప్రతిసారీ ఖర్చే. ఇందులో మనకు పాఠం ఒకటుంది. సాంకేతికం సగమే, మిగతా సగం స్థిరమైన నిర్ణయం. మనం కూడా ఆఫీసరు మారినప్పుడల్లా రిజిస్టరు నమూనా మార్చి చచ్చినవాళ్ళమే గదా!

తెలుగు సంగతి

మా జాబితా ఎందుకు చదవలేకపోయామో నాకు చాలా కాలం తర్వాత అర్థమైంది. పాత తెలుగు సాఫ్ట్‌వేర్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టేవి. ఏ అక్షరానికి ఏ బొమ్మ అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. ఆ కంపెనీ ఫాంటు లేకపోతే అడుగున ఉన్న ఇంగ్లీషు బయటపడుతుంది. 1991లో వచ్చిన యూనికోడ్ అనే అంతర్జాతీయ ప్రమాణం తెలుగు అక్షరాలకు శాశ్వతమైన సొంత సంఖ్యలు ఇచ్చింది. యూనికోడులో రాసిన తెలుగు ఏ యంత్రంలోనైనా తెలుగే. కాని మన కార్యాలయాలకు, మన ప్రెస్సులకు అది చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇక్కడ తిరుపతికి ఒక గౌరవం ఉంది. 2012 డిసెంబరు 27 నుంచి 29 వరకు నాలుగో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయి. రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించారు. ఆ కాలంలోనే రాష్ట్ర ప్రభుత్వం యూనికోడ్ కన్సార్షియంలో సభ్యత్వం తీసుకుంది. సిలికానాంధ్ర సంస్థ ద్వారా తెలుగు యూనికోడ్ ఫాంట్లు అందరూ ఉచితంగా వాడుకునే లైసెన్సుతో వెలువడ్డాయి. వాటిలో ఒకదాని పేరు 'ధూర్జటి'. మన శ్రీకాళహస్తీశ్వరుణ్ణి కొలిచిన కవి పేరున్న అక్షరాలు ఇప్పుడు ఎవరైనా, ఏ 'లాకు' లేకుండా, వాడుకోవచ్చు.

మన సంఘం గదిలో ప్రయోగం

ఇదంతా పెద్దల మాట. మన గదిలో జరిగింది కూడా చెబుతాను. సంఘం కంప్యూటరు విండోస్ 10ది. కొత్తది కొందామంటే 45 వేలు అన్నారు. కోశాధికారిగారి ముఖం మీరు చూడాల్సింది! మా మనవరాలిని అడిగితే, "తాతా, ఒక ఆదివారం నాకు ఇవ్వండి" అంది. లినక్స్ ఎక్కించింది, లిబ్రే ఆఫీస్ అనే ఉచిత ప్రోగ్రాము పెట్టింది. ప్రింటరు పలికింది. సభ్యుల జాబితా, చందా లెక్కలు తెరుచుకున్నాయి. యంత్రం మునుపటికంటే చురుకుగా లేస్తోంది.

అయితే రెండు చిక్కులు వచ్చాయి. మన పాత సంచికలన్నీ పాత ఫాంట్లలో ఉన్నాయి. వాటిని యూనికోడులోకి మార్చితే ఒత్తులు, వట్రసుడులు అక్కడక్కడా తారుమారయ్యాయి. ముగ్గురం కూర్చుని నెలరోజులు దిద్దాం. ఆ నెలరోజుల శ్రమను కోశాధికారిగారు ఏ పద్దులోనూ రాయలేదు. రెండోది, ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో మనం లైఫ్ సర్టిఫికెట్లకు వాడే వేలిముద్ర యంత్రం లినక్సుతో మాట్లాడనంది. దానికోసం ఒక సభ్యుడు తన విండోస్ ల్యాప్‌టాప్ తెస్తున్నారు. లాభం 45 వేలు. నష్టం నెలరోజుల కళ్ళనొప్పి, ఏడాదికి రెండు నెలల అరువు ల్యాప్‌టాప్. ప్రభుత్వాల లెక్క కూడా ఇంతే, సున్నాలు ఎక్కువ.

రాగిరేకులు చెప్పేది

చివరిగా మన కొండమీది సంగతి ఒకటి. తాళ్ళపాక అన్నమాచార్యులవారి సంకీర్తనలను ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యులు మొదలైనవారు రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. కాలక్రమంలో లోకం వాటిని మరిచిపోయింది. దాదాపు నాలుగు వందల ఏళ్ళ తర్వాత, 1920లలో, దేవస్థానం శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వంటివారి కృషితో అవి వెలుగులోకి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు పరిష్కరించి లోకానికి అందించారు. మొత్తం 32 వేలు రాశారని ప్రతీతి. దొరికినవి 14 వేల దాకా.

రేకులు బయటికి తీసినప్పుడు వాటిని చదవడానికి ఎవరి లైసెన్సూ అవసరం కాలేదు. చెక్కినవారి దుకాణం ఎక్కడుందో వెతకనక్కరలేకపోయింది. లిపి అందరిదీ కావడమే దానికి కారణం. నాలుగు వందల ఏళ్ళనాటి రేకు చదవగలిగాం. ఏడేళ్ళనాటి మా కంప్యూటరు జాబితా చదవలేకపోయాం.

అందుకే ప్రభుత్వం ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా, కొనకపోయినా, ఒక్క ప్రశ్న అడగాలని నా మనవి. "దీని ధర ఎంత" అన్నది రెండో ప్రశ్న. "రేపు దీన్ని వదిలేస్తే మా రికార్డు మాతో వస్తుందా, మరొకరు దాన్ని చదవగలరా" అన్నది మొదటి ప్రశ్న. ఓపెన్ సోర్స్ అయితే ఆ జవాబు దొరకడం సులువు. కంపెనీ సాఫ్ట్‌వేర్ అయినా సరే, రికార్డును బాహాటమైన ప్రమాణంలో దాచాలని ఒప్పందంలో రాయించుకుంటే సగం భయం తీరుతుంది. స్వదేశీ కంపెనీదైనా, విదేశీ కంపెనీదైనా ఈ షరతు ఒకటే.

మన వంతుగా ఒక పని చేయవచ్చు. ప్రతి సభ్యుడూ తన పి.పి.ఓ., సర్వీసు వివరాలు, నామినేషన్ కాగితాలు స్కాన్ చేయించి మామూలు పి.డి.ఎఫ్.గా రెండుచోట్ల దాచుకోండి. తెలుగులో ఏది టైపు చేయించినా యూనికోడులో చేయించండి. కాగితం ప్రతిని మాత్రం పారేయకండి. ఎక్కడ ఉందో ఇంట్లో భార్యకో, భర్తకో, పిల్లలకో చెప్పి ఉంచండి.

ఆ అటెండరు భార్య ఇప్పుడు లేదు. ఆమె చివరిసారి కార్యాలయానికి వచ్చినప్పుడు మంజూరు ఉత్తర్వు చేతికిచ్చాను. కళ్ళకద్దుకుని, మడిచి కొంగున కట్టుకుంది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ పెట్టి కంటే ఆ టైపు కొట్టే అమ్మ మేలు సారూ" అంది. నేనేమీ అనలేకపోయాను. ఆ నోటు మీద నేను పెట్టిన సంతకమే నాకు గుర్తొచ్చింది.

సెలవు.